ధాత్రీవృక్షము - గృహవైద్యము

కార్తికమాసము వచ్చినదనగా తెలుగునాట వైష్ణవగృహములలో ఉసిరికొమ్మకై వెదకుట మొదలగును. శుక్లద్వాదశినాటి సాయంకాలమున తులసికోట చెంత ఆ కొమ్మను నిలిపి, దామోదరుని ఆరాధింతుము. ఆ నెలలోనే వనభోజనములని ఉసిరిచెట్టు నీడను విస్తళ్లు వేసికొందుము. కాయను నడుమ గుల్లచేసి, ఆవునేయి పోసి, వత్తి వెలిగించి స్వామి యెదుట నుంచుదుము. ఏకాదశినాడు ఉపవసించినవారు మరునాటి పారణలో అవిసె ఆకుతోపాటు ఉసిరికను తప్పక చేర్చుకొనుట పెద్దలనాటి నుండి వచ్చుచున్న ఆచారము. ఫాల్గునశుక్లైకాదశికి ఈ చెట్టు పేరిటనే ఆమలక్యేకాదశి యని వ్యవహారము.

ఇంత ఆదరించు చెట్టు గుణమేమో తెలియక ఆచారమును మాత్రము నెరవేర్చువారు కొందరు. గుణము తెలిసెననుకొని, సగము తెలిసి, కీడు తెచ్చుకొనువారు మరికొందరు. ఈ రెండవ తెగలో నేనొకప్పుడు చేరితిని. ఆ సంగతి తగినచోట మనవి చేసికొందును. ముందు చెట్టును గూర్చి చెప్పవలసినది చాల కలదు.

అమరసింహుడు వనౌషధివర్గమున దీనికి తిష్యఫల, ఆమలకి, అమృత, వయస్థ అను పేర్లు చెప్పినాడు. ఆమలకశబ్దము మూడు లింగములయందును చెల్లునని కూడ అతడే సూచించెను. చెట్టు ఆమలకి, దాని పండు ఆమలకము. వృక్షము స్త్రీలింగము, ఫలము నపుంసకము అగుటకు పాణినీయమున ఫలార్థమందు వచ్చిన ప్రత్యయము లోపించుట కారణము. బాల్యమున పాఠశాలలో ఈ ఉదాహరణమును వల్లించుచుండగా మా గురువుగారు పెరటిలోనికి పంపి కాయ తెప్పించి, చెట్టును చూపి ఒక లింగము, కాయను చూపి ఒక లింగము చెప్పించెడివారు. తప్పు చెప్పినవానికి పచ్చికాయ నమలుటయే శిక్ష. తప్పు చెప్పనివాడు కూడ ఆ శిక్షను కోరెడివాడు. ఏలయనగా నమలిన పిమ్మట త్రాగిన బావినీరు చెరకురసమువలె తియ్యగానుండెడిది.

ధాత్రి యను పేరు ఇంకను రమ్యమైనది. ధాత్రి యనగా పాలిచ్చి పెంచు దాది. ఆ శబ్దమునే ఉసిరికకును చెప్పుదురు. పాణిని మూడవ అధ్యాయమున ఈ పదమునకు ప్రత్యయమును విధింపగా, కాశికావృత్తికారులు ఈ రెండర్థములను చెప్పి, వైద్యము కొరకు దీనిని గ్రహింతురు గనుక ఈ పేరు కలిగినదను భావమున వ్యుత్పత్తి చూపిరి. వ్యాకరణగ్రంథమున ఒక చెట్టు ఔషధగుణము చెప్పబడుట అరుదు. ఉసిరికను ఔషధముగా వాడుట ఆ కాలమునకే ఎంతగా లోకప్రసిద్ధమో దీనిని బట్టి ఊహింపవచ్చును. పద్మపురాణాంతర్గతమైన కార్తికమాహాత్మ్యమున బృందావృత్తాంతమునందు ధాత్రి, మాలతి, తులసి మూడును ఒక్కచోట మొలచినవను కథ కలదు. తులసికోటలో ఉసిరికొమ్మను నాటుట ఆ సోదరీభావమునకు గుర్తుగా గ్రహింపవచ్చును.

ఇక చెట్టును గుర్తించుట. ఇది చులకనగా తలపదగిన విషయము కాదు. తెలుగున ఉసిరి యను పేరు మూడు వేరువేరు ఓషధులకు కలదు. మనము పూజించునది పెద్ద ఉసిరి. ఆకులు చింతాకువలె సన్ననై రెండువరుసలుగా కూర్చినట్లుండును. కాయ గుండ్రము, పచ్చనై, పండిన పిదప కొంచెము పసుపుచాయ తేలును, పైన ఆరు లేతగీతలు నిలువుగా కనబడును. లోపలి గింజ గట్టిది. పగులగొట్టిన ఆరు చిన్న విత్తనములుండును. శాస్త్రజ్ఞులు దీనిని ఫిలాంథస్ ఎంబ్లికా అందురు. లిన్నేయసు అను పండితుడు 1753లో పెట్టిన పేరది. రెండవది చిన్న ఉసిరి. పాలిపోయిన పసుపువన్నె కాయలు, అంచులు తేలి నొక్కినట్లుండి, కొమ్మలకే గుత్తులుగా కాయును. పచ్చడికి ప్రశస్తమే గాని వైద్యగ్రంథములలోని ఆమలకము అది కాదు. పైగా దాని వేరు విషస్వభావము గలది, దానిని ఇంటివైద్యమునకు తేనేరాదు. కొన్ని ప్రాంతములవారు దీనినే రాచ ఉసిరి యనగా, మరికొన్ని ప్రాంతములవారు పెద్ద ఉసిరినే రాచ ఉసిరి యందురు. కావున పేరు విని కాక కాయను చూచి కొనవలెను. మూడవది నేల ఉసిరి. జానెడెత్తు మొక్క, ఆకు వెనుక ఆవగింజంత కాయలు వరుసగా వ్రేలాడును. సంస్కృతమున భూమ్యామలకి. పచ్చకామెర్లకు పల్లెవైద్యులు వాడునది ఇదియే. ఆకుల పోలికచే పేరు పంచుకొన్నది గాని చెట్టు ఉసిరికతో దీనికి ఔషధగుణమున సంబంధము లేదు. కామెర్లలో ప్రాణాపాయము కలిగించు రకములును గలవు. రక్తపరీక్ష చేయింపక నేల ఉసిరినే నమ్ముకొని దినములు గడుపుట తగదు.

ఆయుర్వేదమున ద్రవ్యమునకు రసము, గుణము, వీర్యము, విపాకము అని నాలుగు విధముల పరీక్ష. షడ్రసములలో ఉప్పు ఒక్కటి తప్ప తక్కిన ఐదును ఉసిరికయందు గలవు. వానిలో పులుపు ప్రధానము. ఇది లఘువు, రూక్షము, వీర్యము శీతము, జీర్ణమైన పిదప మధురము. సాధారణముగా పులుపు పిత్తమును పెంచును. చింతపండు, మామిడికాయ అట్టివి. ఉసిరిక పుల్లనిదైనను పిత్తమును శమింపజేయుటయే దీని విశేషము. పులుపుచే వాతమును, తీపిచేతను చలువచేతను పిత్తమును, వగరుచేతను రూక్షతచేతను కఫమును అణచునని శాస్త్రకారులు సమన్వయించిరి. ఉపవాసము మరునాటి పారణలో ఉసిరికను చేర్చుటయందలి ఔచిత్యము ఇందుచే తెలియును. ఖాళీకడుపున పిత్తము రేగియుండగా చింతపులుసు పడిన మంట కలుగును. ఉసిరిక పచ్చడి నోటికి రుచిని పుట్టించును, కడుపునకు చలువచేయును. ద్వాదశివంటలో చింతపండును వర్జించి ఉసిరికను గ్రహించిన గృహిణులు ఏ సంహితను చదివినారు!

చరకసంహితయందు చికిత్సాస్థానము రసాయనాధ్యాయముతో మొదలగును. అందు మొదటి పాదమునకు అభయామలకీయమని పేరు. కరక్కాయ, ఉసిరికాయ ఈ రెండును దానికి నాయకములు. మూడవ పాదము కరప్రచితీయము, అనగా చేతితో కోసిన కాయలతో మొదలగునది. నేల రాలిన కాయ పనికిరాదు. కర్రతో కొట్టి దులిపిన కాయ దెబ్బతినును. ఈ ఒక్క మాటను మనవారు పాటించిన వరుగు బూజుపట్టదు. అదే పాదమున కేవలామలకరసాయనమను విధి కలదు. సంవత్సరకాలము గోవుల నడుమ వసించి, పాలు మాత్రమే ఆహారముగా, బ్రహ్మచర్యమున ఉండి, పిదప పుష్య, మాఘ, ఫాల్గునమాసములలో నొక పున్నమనాటికి మూడు దినములు ఉపవసించి, ఉసిరివనము ప్రవేశించి, చెట్టెక్కి, కాయను చేతబట్టి జపింపవలెనట. ఆ క్షణమున కాయలో అమృతము నెలకొనునట. ఈ విధిని నేడు ఆచరింపగలవారు లేరు. అయినను పుష్యము మొదలు ఫాల్గునము వరకు కాయ బాగుగా ముదిరి రసవంతమై యుండు కాలమనుట మన పెరటిచెట్టును చూచినను తెలియును. ఆమలక్యేకాదశి ఆ ఋతువు చివర వచ్చుచున్నది.

చ్యవనప్రాశమును గూర్చి ఒక్క మాట. ఐదువందల ఉసిరికాయలను దశమూలాదులతో ఉడికించి, గింజ తీసి, నేతిలోను నువ్వులనూనెలోను వేయించి, కలకండపాకమున కలిపి, చల్లారిన పిదప తేనె, పిప్పలి, ఏలకులు మొదలగునవి చేర్చు లేహ్యమది. దీనిచేతనే చ్యవనమహర్షి వార్ధకమును విడిచి యువకుడయ్యెనని చరకుడు చెప్పెను. శ్రీమద్భాగవతము నవమస్కంధమునందు మాత్రము లేహ్యప్రసక్తి లేదు. అశ్వినీదేవతలు మహర్షిని వెంటగొని సరస్సున మునిగి లేచిరని, ముగ్గురును ఒకే రూపమున కనబడగా సుకన్య తన భర్తను గుర్తింపలేక ఆ దేవతలనే శరణువేడెనని కథ. పురాణకథ వేరు, వైద్యశాస్త్రప్రశంస వేరు. రెంటిని కలిపి డబ్బాలపై బొమ్మలు వేయువారి మాట మనకేల? నేడు అంగడిలో దొరకు లేహ్యములలో పంచదార పాలు మిక్కుటము. మధుమేహము గలవారు దానిని బలమునకని తినుట పొరపాటు.

త్రిఫలములలో ఉసిరిక మూడవది. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ సమభాగములుగా దంచిన చూర్ణము ఒక సంప్రదాయము. కరక్కాయ ఒకటికి తానికాయలు రెండు, ఉసిరికలు నాలుగని శార్ఙ్గధరుడు. మలబద్ధమునకు రాత్రి గోరువెచ్చని నీటితో కొలదిగా తీసికొనుట లోకమున వాడుక. రాత్రివేళను, ఆదివారమునను, సప్తమినాడును ఉసిరిక తినరాదను నియమము మన ఇండ్లలో కలదు. అది ఆహారవిషయమైన ఆచారము. వైద్యుడిచ్చిన ఔషధమునకు ఆ నియమము అడ్డుకాదని మా గురువుల అభిప్రాయము. నేనును అట్లే తలచుదును.

ఇంటివైద్యమునకు వచ్చు కొన్ని ప్రయోగములు చెప్పెదను. ఎండబెట్టిన ఉసిరిపొడి పెద్దలకు దినమునకు మూడు మొదలు ఆరు గ్రాముల వరకు మాత్ర. కడుపులో మంట, పుల్లత్రేన్పులు గలవారు దీనిని పాలతోగాని నేతితోగాని తీసికొందురు. వేసవిని మూత్రము మంటగానున్నపుడు పచ్చికాయ రసము రెండు చెంచాలు తేనెతో ఇత్తురు. మంట రెండుమూడు దినములలో తగ్గకున్నను, జ్వరము తోడైనను వైద్యశాలకు పోవలెను. ముక్కునుండి రక్తము కారునపుడు ఎండు ఉసిరికను నేతిలో వేయించి, కంజితో నూరి నడినెత్తిన పట్టువేయుట చక్రదత్తమునందు గలదు. మా తల్లిగారు ఎండకాలమున మా తమ్మునికి ఇది వేయుట నేను పలుమార్లు చూచితిని. రక్తహీనతకు ఉసిరిక, ఇనుపభస్మము, అతిమధురము కలిసిన ధాత్రీలోహము ప్రసిద్ధము. ఇంట భస్మముల జోలికి పోరాదు. తోటకూరపప్పులోనో మునగాకులోనో ఉసిరికాయ వేసి వండుకొన్న చాలును. పులుపులోని విటమిను ఆకుకూరలోని ఇనుమును ఒంటికి పట్టించునని నేటి పోషకాహారశాస్త్రమును చెప్పుచున్నది.

ఆ విటమిను సంగతి. కూనూరున ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ యను పేరున ప్రసిద్ధమైన పరిశోధనాలయము వెలువరించిన పాత పట్టికలలో నూరుగ్రాముల ఉసిరికయందు విటమిను సి 600 మిల్లీగ్రాములని కలదు. 2017నాటి పట్టికలో అది 250 పరిసరములకు దిగినది. రకమును బట్టి, నేలను బట్టి, కొలుచు పద్ధతిని బట్టి లెక్క మారును. తక్కువ లెక్కను గ్రహించినను నారింజకంటె ఎన్నో మడుగులు అధికమే. 1940 ప్రాంతమున హిస్సారు కరవుకాలమున పంటిచిగుళ్లనుండి రక్తము కారు స్కర్వీవ్యాధికి ఉసిరికపొడి నిచ్చి గుణము కనుగొన్నారు. తక్కిన పండ్లలో ఈ విటమిను ఎండిన వెంటనే నశింపగా, ఉసిరికలోని వగరు దానిని కొంతవరకు కాపాడును. నీడను ఎండిన వరుగును మన ముత్తవలు ఏడాది పొడుగునను దాచుకొనుట వ్యర్థము కాదన్నమాట. ఉప్పు, పసుపు వేసి తొక్కి జాడీలో పెట్టిన నల్ల ఉసిరిక పచ్చడి రుచికి సాటిలేనిదే గాని, రక్తపోటు గలవారు దానియందలి ఉప్పును మరువరాదు.

ఇప్పుడు నా సంగతి. 2011వ సంవత్సరమున మా ఇంట శనివారములయందు నలుగురు పెద్దలు కూడి సద్గోష్ఠి జరుపుకొనెడివారము. ఒకనాడు ప్రసంగవశమున అష్టాంగహృదయము ఉత్తరస్థానము చివర వాగ్భటుడు చెప్పిన శ్రేష్ఠౌషధముల పట్టిక వచ్చినది. ఏ వ్యాధికి ఏది అగ్ర్యమో అందు చెప్పబడినది. మేహమునకు ధాత్రి, నిశ, అనగా ఉసిరికయు పసుపును. ఆ మాటను నేను మిక్కిలి ఉత్సాహముతో వ్యాఖ్యానించితిని. అశ్వినీదేవతల నాటి నుండి మనకీ నిధి యుండగా మాత్రలకై పరుగులేలయని కూడ అంటిని. సభారంజకమైన మాట. అందరు తలలూపిరి. తలుపు చాటున మా అక్కగారు వినుచున్న సంగతి నేనెరుగను.

అక్కగారికి అప్పటికి తొమ్మిదేండ్లుగా మధుమేహము. మరునాటి నుండి ఆమె వైద్యుడిచ్చిన మాత్రలను మానివేసి, తెల్లవారి ఉసిరికరసమున పసుపు కలిపి త్రాగసాగినది. తమ్ముడు పండితుడు, శాస్త్రము చూచి చెప్పినాడను విశ్వాసము. బావగారితో గాని నాతో గాని చెప్పలేదు. ఐదు మాసములు గడచినవి. వైకుంఠైకాదశినాడు ఉపవాసముండి, పాదరక్షలు లేక ఆలయమున ప్రదక్షిణములు చేయుచుండగా కాలి చిటికెనవేలికి గులకరాయి తగిలినది. ఆ కాలికి స్పర్శ తగ్గియుండుటచే నొప్పి తెలియలేదు. పదునైదు దినములకు వాపు వచ్చి, వేలు నల్లబడిన పిదప గాని మేమెవ్వరమును చూడలేదు. వేలు తీసివేసిరి. మాత్రలు ఎవరు మానుమన్నారని వైద్యుడు అడిగినపుడు నేను మంచము ప్రక్కనే నిలిచియుంటిని. ఎవరును అనలేదు, నా అంతట నేనే మానితిని నాయనా, అని అక్కగారు చెప్పినది. నా వైపు చూడనైన చూడలేదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి ఆ గ్రంథమును మరల తెరచితిని. అగ్ర్యమనగా ముందుండునది. ముందుండునది యున్నదనగా వెనుక మరికొన్ని యుండవలెను. లేనిచో అగ్ర్యశబ్దమే పొసగదు. ఏకైకమని వాగ్భటుడు చెప్పలేదు. తక్కినవానిని విడువుమనియు చెప్పలేదు. అదే ఆచార్యుడు మేహచికిత్సాధ్యాయమున యవాన్నము, వ్యాయామము, నడక మొదలగు నియమములను విస్తరించి చెప్పియున్నాడు. నలుబదేండ్లు శబ్దార్థములు చెప్పిన నేను ఆ శబ్దమును ఆనాడు సరిగా అర్థము చేసికొనలేదు. చప్పట్లకై అర్థమును సాగదీసితిని. మరుసటి శనివారమున ఆ నలుగురి యెదుట ఈ మాట చెప్పి, పిదప అక్కగారి పాదములకు నమస్కరించి చెప్పితిని. ఆమె నవ్వి, ఉసిరిక మంచిదేరా, నేనే మాత్ర తప్పించితిని, అన్నది.

కావున చదువరులకు నా మనవి. మధుమేహమునకు ఉసిరికయు పసుపును వాడదలచినవారు తమ వైద్యునితో చెప్పి వాడవలెను. రెండును చేరిన చక్కెర మితిమీరి తగ్గవచ్చును. కనుక నడుమనడుమ రక్తపరీక్ష చేయించుకొనవలెను. మాత్రల పరిమాణమును మార్చుట వైద్యుని పని. రక్తము పలుచబడుటకు మందు వాడువారును, మూత్రపిండవ్యాధి గలవారును, శస్త్రచికిత్సకు సిద్ధముగానున్నవారును ముందుగా అడుగుట అవసరము. ఆలయమున పాదరక్షలు విడుచుట మనకు తప్పదు; మధుమేహము గల యాత్రికులు బసకు చేరిన వెంటనే పాదములు కడిగి, వ్రేళ్ల నడుమ తుడిచి, అరికాలిని దీపపు వెలుగున చూచుకొనవలెను. వంగలేనివారికి ఇంటివారు చూడవలెను.

చెట్టు పెంచదలచువారికి రెండు మాటలు. ఉసిరిక మెట్టనేలను, ఎండను ఓర్చుకొనును. నీరు నిలువయుండు చోటు పనికిరాదు. విత్తనపుమొక్క కాపునకు వచ్చుట ఆలస్యము. అంటుమొక్క నాలుగైదేండ్లకు కాయును. ఒంటిచెట్టున పూత విస్తారముగా వచ్చియు పిందె నిలువకపోవుట పలువురు ఎరిగినదే. తన పుప్పొడితో తాను చక్కగా ఫలింపని స్వభావము దీనికి కలదు. కాబట్టి బనారసి, చకైయా వంటి రెండు వేరు రకములను దగ్గరదగ్గరగా నాటుట మేలు. కేరళదేశమున బావి అడుగున ఉసిరిపలకలు పరచుట సంప్రదాయము. నీరు తేటగా, తియ్యగా నుండునని వారి అనుభవము.

అక్కగారి పెరటిలో రెండు చెట్లున్నవి. ఆమెకు డెబ్బదియైదవ ఏడు నడచుచున్నది. ద్వాదశినాడు పారణకు నన్ను పిలుచును. విస్తరిలో మొదట ఉసిరిక పచ్చడి, అవిసె ఆకు వడ్డించి, తాను మాత్ర వేసికొని, ఆ మీదట కూర్చుండును.